గుండ్రంగా ఉంటే చాలు

కంప్యూటర్లకు ప్రాసెసర్ మార్చిన మహానుభావులకు బరంపురంలో పౌరసన్మానం జరగాలి! శాలువా నేను ఇస్తాను. దండలు మీరు తెండి.

నవ్వుతున్నారా? నవ్వండి. నేను మాత్రం చాలా సీరియస్‌గా చెబుతున్నాను. ‘కొత్త కంప్యూటర్ కొన్నాను, పాత సాఫ్ట్‌వేర్ ఒక్కటీ తెరుచుకోవడం లేదు, కొంప మునిగింది’ అని వీధి వీధినా ఏడ్చేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎంత కృతఘ్నత! ఎక్కడో చల్లటి గదుల్లో కూర్చుని, కళ్ళు పోయేదాకా కష్టపడి, మీ దగ్గరున్న పాతవన్నీ పనిచేయకుండా చేసి పెట్టారే, వాళ్ళకు మీరిచ్చే మర్యాద ఇదా?

ఇంత అధికారంగా మాట్లాడటానికి నువ్వెవరివయ్యా అంటారు. చెబుతాను. పెద్దబజారు వెనక సందులో నాకొక అచ్చాఫీసు ఉంది. ఒడిశాలో ఉంటూ తెలుగులో అచ్చువేసే ఆఫీసు. చికిటి పక్క రైతుల శుభలేఖలు, గోపాల్‌పూర్ పక్క జాలరుల పెద్దకర్మ కార్డులు, సంఘాలవాళ్ళ కరపత్రాలు, అన్నీ నా గుమ్మమే ఎక్కేవి. ఇంకో గుమ్మం లేదు కాబట్టి ఎక్కేవి అనుకోండి, అది వేరే సంగతి.

తొంభై తొమ్మిదిలో సీసపు అక్షరాలు తూకానికి అమ్మేసి కంప్యూటర్ పెట్టాను. అందులోకి హైదరాబాదు నుంచి ఒక తెలుగు ప్రోగ్రాం తెప్పించాను. దాన్ని నడిపేవాడు నరసన్న. సీసపు అక్షరాలు పేర్చి పేర్చి వేళ్ళ చివర్లు నల్లబడిన కంపోజిటర్. కంప్యూటర్ దిగిన రోజున ‘ఇది మన వొల్ల అవదు బాబూ’ అన్నవాడు, ఆర్నెల్లు తిరిగేసరికి ఇంకొకరిని దాని మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. విశ్వకర్మ పూజ నాడు దానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు కీబోర్డు మీద పడకుండా చెయ్యి అడ్డం పెట్టేవాడు.

పదిహేనేళ్ళు ఆ ప్రోగ్రాం ఒక్కరోజు నన్ను ఇబ్బంది పెట్టలేదు. అదే దాని నేరం! ఒక వస్తువు పదిహేనేళ్ళు పనిచేస్తే దాన్ని తయారుచేసినవాడు ఏం తిని బతకాలి? మనకు ఆ మాత్రం జాలి ఉండక్కర్లేదా?

రెండువేల పద్నాలుగులో కంప్యూటర్ డీలరు మా షాపుకు వచ్చాడు. పాతది ఇచ్చేయండి సార్, కొత్తది పట్టుకోండి, ప్రాసెసర్ అరవై నాలుగు బిట్లు అన్నాడు. మా పాతది ఎన్ని బిట్లో నాకు తెలియదు. అన్నేళ్ళలో ఏ పెళ్ళికొడుకు తండ్రీ అడిగిన పాపాన పోలేదు. సరేనన్నాను. పాతదాన్ని డీలరు మనిషి రిక్షాలో వేసుకుపోయాడు. దానికి బదులుగా కంపెనీ బొమ్మ ఉన్న గోడగడియారం ఒకటి కానుకగా ఇచ్చాడు. ఆ గడియారం ఈ రోజుకీ నడుస్తోంది. దాంట్లో ప్రాసెసర్ లేదు.

మర్నాడు నరసన్న కొత్త కంప్యూటర్‌కు దణ్ణం పెట్టి, తెలుగు ప్రోగ్రాం ఎక్కించబోయాడు. తెరమీద ఒక డబ్బా లేచింది.

“ఇలగొకపాలి రండి బాబూ. ఏటో ఇంగిలీసులో అంటంది.”

చదివాను. ఈ ప్రోగ్రాం ఈ కంప్యూటర్‌లో నడవదు అని ఉంది. మర్యాదగానే ఉంది. డీలరును పిలిపించాను. అతను తాపీగా టీ తాగి, విషయం విడమరిచి చెప్పాడు. పాత ప్రోగ్రాం మాట్లాడే భాష కొత్త ప్రాసెసర్‌కు రాదట. ఇదివరకు మధ్యలో ఒక దుబాసీ లాంటిదాన్ని పెట్టేవారట. పాతది చెప్పేది విని కొత్తదానికి అర్థమయ్యేలా అది చెప్పేదట. ఈసారి ఆ దుబాసీని తీసేశారు.

“ఎందుకు తీసేశారయ్యా?” అన్నాను.

“ఎంతమంది వాడతారు సార్?” అన్నాడు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఎంత గొప్ప మాట! లోకంలో ఏ సమస్యనైనా ఒక్క ప్రశ్నతో తేల్చేయొచ్చు. ఎంతమంది వాడతారు?

నాకు పట్టుదల ఎక్కువ. హైదరాబాదు కంపెనీకి ఫోన్ చేశాను. ఒక అమ్మాయి తీయటి గొంతుతో, ఆ ప్రోడక్టుకు సపోర్ట్ ఆపేశామండీ అంది. కొత్త ప్రాసెసర్‌కు పనికొచ్చేది ఏదైనా ఇవ్వమ్మా అన్నాను. మీరెక్కడినుంచండీ అంది. బరంపురం, ఒడిశా అన్నాను. ఆ అమ్మాయి నిజంగానే ఆశ్చర్యపోయి అడిగింది. “ఒడిశాలో తెలుగెందుకండీ?”

మా తాతముత్తాతల కాలం నుంచీ ఎవరూ సరైన జవాబు చెప్పలేకపోయిన ప్రశ్న అది. నేను ఫోన్‌ను రెండు చేతులతో, గౌరవంగా కింద పెట్టాను.

ఇప్పుడు లాభాలు చూడండి! సీడీల్లో దాచుకున్న మా పాత పేజీలు కొత్త కంప్యూటర్‌లో తెరుచుకునేవి. బోర్డర్లు, గణపతి బొమ్మ, అరటిచెట్లు, అన్నీ ఎక్కడివక్కడే ఉండేవి. ఒక్క తెలుగక్షరమే ఉండేది కాదు. దాని చోట ఇంగ్లీషు కీబోర్డు మీది చుక్కలూ కొక్కేలూ వచ్చేవి. నరసన్న బుర్రపెట్టి, డీలరు వేసిచ్చిన ఒకే ఒక్క మనదేశపు ఫాంటును వాటికి తగిలించాడు. అది ఒడియా ఫాంటు. వెంటనే పేజీ నిండా గుండ్రటి అక్షరాలు పరుచుకున్నాయి. ఒడియా అక్షరాలు వచ్చాయి గానీ ఒడియా రాలేదు. ఏ ఒడియావాడూ పుట్టి బుద్ధెరిగి అనని మాటలవి.

అప్పుడే దాలయ్య కూతురి శుభలేఖ పని మీద వచ్చాడు. గోపాల్‌పూర్ పక్కన చేపల వ్యాపారం చేసే పెద్దమనిషి. ఆ కాగితం చూసి, “అందంగున్నాది బాబూ. గానీ ఇది ఒడియా గదేటి?” అన్నాడు. పక్కనే రసీదు పుస్తకాల కోసం కూర్చున్న ఒడియా పెద్దమనిషి మెడ సాచి చూసి, కాదు కాదు, ఇది తెలుగు అన్నాడు. ఇద్దరూ ఒకరికొకరు గౌరవంగా తలాడించారు. జాతీయ సమైక్యత అంటే ఇంకేమిటి?

ముహూర్తం ముంచుకొచ్చేసింది. దాలయ్య దాన్నే అచ్చు వేయించాడు. నోటిమాటతో ఎలాగూ అందరినీ పిలుస్తారు కదా! ఏమైందో తెలుసా? ఆ వంశంలో గొడవ జరగని మొట్టమొదటి పెళ్ళి అది. ప్రతి పెళ్ళికీ ‘నా పేరు మూడో వరసలో వేస్తావా’ అని అలిగి గుమ్మంలో కూర్చునే పెదమామ, ఈసారి తన పేరు ఎక్కడుందో తెలియక మొదటి వరసలోనే ఉందనుకుని, రెండు గిన్నెల పాయసం తాగి వెళ్ళాడు. ఇంటిపేరు తప్పు పడిందని ఒక్కరూ నా షాపు మీదికి రాలేదు. తప్పు పట్టాలంటే ముందు చదవాలి కదా!

ఇంత మంచి సూత్రాన్ని కంప్యూటర్ వాళ్ళకే వదిలేయడం అన్యాయం. రైలు పట్టాలు మార్చినప్పుడల్లా పాత ప్రయాణికులకు సపోర్ట్ తీసేస్తే రద్దీ ఎంత తగ్గేది! ఆస్పత్రిలో కొత్త మంచాలు వేసినప్పుడల్లా పాత రోగాలకు సపోర్ట్ ఆపేస్తే జనం ఎంత ఆరోగ్యంగా ఉండేవారు! మా ఆవిడ ఈ సూత్రాన్ని అప్పుడే అందిపుచ్చుకుంది. ఇంట్లో గ్యాస్ పొయ్యి మార్చాం. అడిగిందే తడవుగా వచ్చే నా మూడో కప్పు కాఫీకి ఆ రోజునుంచి సపోర్ట్ లేదు.

ఇక ఈ సన్మానం ఆలోచన నాకు ఎందుకు పుట్టిందో చెప్పాలి.

చికిటి దాటాక, ఆంధ్రా సరిహద్దుకు కూతవేటు దూరంలో ఒక పల్లె. పల్లెలో బడి. ఆ బడిలో ఏడో తరగతి పిల్లలు పదకొండుమంది తెలుగులో చదువుతున్నారు. చెప్పేది ఒకే ఒక్క టీచరు, భారతీదేవి. మా షాపుకు తెలుగు ప్రశ్నపత్రాల పని పంపే బళ్ళు ఒకప్పుడు పద్నాలుగు ఉండేవి. అవి ఒక్కొక్కటీ రాలిపోగా ఇది మిగిలింది.

ఏటా పరీక్షలకు నాలుగు ప్రశ్నపత్రాలు ఒడియాలో వస్తాయి. వాటిని భారతీదేవి తెలుగు చేసి, చేత్తో రాసి విద్యాశాఖ ఆఫీసుకు ఇస్తుంది. ఆఫీసు నాకు ఇస్తుంది. నరసన్న కంపోజ్ చేస్తాడు. నేను ప్రూఫు తీసుకెళితే ఆఫీసులో బడబాబు, అంటే హెడ్‌క్లర్కుగారు, పేజీ పేజీకీ సంతకం చేసి సీలు వేస్తారు. సంతకం పడ్డ ప్రూఫులో కామా కూడా కదపకూడదు. అది మా దగ్గర పద్ధతి. సీసపు అక్షరాల రోజుల నుంచీ ఉంది.

తెలుగు ప్రశ్నపత్రం వస్తున్నంత కాలమే అది తెలుగు బడి. ఒక్క ఏడాది అది ఆగితే తెలుగు అక్కర్లేదని రాసేసి, భారతీదేవి పోస్టు ఎత్తేసి, పిల్లలను ఒడియా తరగతిలో కలిపేస్తారు. ఆ కాగితం మూడేళ్ళుగా ఆఫీసు బీరువాలో తయారుగా ఉంది. తేదీ ఒక్కటే వెయ్యాలి. అది ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. ప్రతి మార్చిలో ఫోన్ చేసి ఒకే మాట చెప్పేది. “పేపరు టైముకి ఇచ్చీయండి బాబుగారూ. మిమ్మల్ని ఇంకేటీ అడగను.”

ఆ ఏడు ఆవిడ రాతప్రతి వచ్చేసరికి నా దగ్గర అరవై నాలుగు బిట్లు ఉన్నాయి. తెలుగు లేదు. నరసన్న పాత అలవాటు కొద్దీ ప్రశ్నలన్నీ వేళ్ళకు గుర్తున్న కీల మీదే కొట్టాడు. ఒడియా ఫాంటు తగిలించాడు. దాలయ్య శుభలేఖలాగే నాలుగు పేజీలు ముచ్చటగా వచ్చాయి. అవి పట్టుకుని నేను ఆఫీసుకు పరిగెత్తాను. ఎందుకు? చూడండి మహాప్రభో, మా మెషిన్ ఇలా ఏడుస్తోంది, రెండు వారాలు గడువివ్వండి, లేదా టీచరు చేతిరాతనే జిరాక్స్ తీయించండి అని మొరపెట్టుకోవడానికి.

బడబాబు ఒక చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఉన్నారు. రెండో చెయ్యి ఖాళీగా ఉంది. నేను రుజువు కోసం ఆయన ముందు పెట్టిన నాలుగు కాగితాల మీదా ఆ ఖాళీ చెయ్యి సంతకాలు చేసి, సీలు వేసి, నా వైపు తోసింది.

“అయ్యా, ఇది ప్రూఫు కాదండీ! ఇది మా రోగం!” అన్నాను.

ఆయన ఫోను దించి, కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశారు. “గోల్ గోల్ అచ్చి తో!” అన్నారు. గుండ్రంగానే ఉంది కదా అని. తెలుగు గుండ్రంగానే ఉంటుంది, ఇదీ గుండ్రంగానే ఉంది. “ఆవు కొణొ?” ఇంకేం కావాలి?

ఇవి ఒడియా అక్షరాలండీ అన్నాను. ఆయన జాలిగా నవ్వి, ఒడియా అయితే నాకు అర్థమయ్యేది కదా అన్నారు. నాకు అర్థం కావడం లేదు కాబట్టి ఇది తెలుగే. పాఠకులారా, ఈ తర్కానికి జవాబు మీకెవరికైనా తెలిస్తే చెప్పండి. నేను ఇప్పటికీ వెతుకుతున్నాను. చేతిరాత సంగతి ఎత్తాను. నిబంధనల ప్రకారం చేతిరాత చెల్లదు, కంప్యూటర్ ప్రింటు ఉండాలి అన్నారు. మార్చమన్నాను. సంతకం అయిపోయింది అన్నారు.

నేను చట్టాన్ని గౌరవించే పౌరుణ్ణి. పైగా వచ్చే ఏడాది పని కూడా నాకే రావాలి. షాపుకు వచ్చి, అచ్చు వెయ్యి నరసన్నా అన్నాను.

“ఇదేటి బాబూ, పిల్లలు సదవాల్సిన కాయితం. ఇలగ అచ్చేస్తే పాపం గాదా?”

“పాపం కాదు నరసన్నా, ప్రోగ్రెస్!” అన్నాను.

అతను మెషిన్ ఆన్ చేశాడు. భారతీదేవికి ఒక్క ఫోన్ కొట్టి చెబుదామనుకున్నాను. కానీ ప్రశ్నపత్రం గురించి బయట మాట్లాడటం నేరం. నాకు భయం వేసింది. ఇందులో వ్యంగ్యం ఏమీ లేదు, భయమే వేసింది.

పరీక్ష రోజు ఏం జరిగిందో తర్వాత భారతీదేవే చెప్పింది. సీలు వేసిన కట్ట విప్పి పిల్లలకు పంచింది. మొదటి బెంచీలో కూర్చునే అమ్మడు కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి లేచి నిలబడింది. ఆ పిల్లలకు రెండు భాషలూ వచ్చు. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా. వాళ్ళ కళ్ళకు గంతలు కట్టడం కష్టం.

“టీచరమ్మా, ఇది ఒడియా గాదు. తెలుగూ గాదు. మరేటి బాస?”

భారతీదేవి కాగితం చూసింది. ఆఫీసు నుంచి ఇంకో కట్ట వచ్చేసరికి పరీక్ష అయిపోతుంది. వచ్చినా అదే కట్ట వస్తుంది. బీరువా తెరిచి తన చిత్తుపుస్తకం తీసింది. సుద్దముక్క తీసింది. ఇరవై ప్రశ్నలూ నల్లబల్ల మీద, మూడు గజాల దూరానికి కనబడేలా రాసింది. అలా నాలుగు రోజులు రాసింది. నల్లబల్లకు ఎవరూ ఇంకా సపోర్ట్ ఆపేయలేదు మరి!

పిల్లలు దంచి రాశారు. నూటికి సగటున డెబ్బై ఒక్క మార్కులు. మా అచ్చాఫీసులో ఆ రోజు జిలేబీ పంచాను. నా ప్రశ్నపత్రం పిల్లల భవిష్యత్తుకు బంగారుబాట వేసిందని ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను. నరసన్న జిలేబీ తీసుకోలేదు.

ఆ డెబ్బై ఒకటి ఆఫీసుకు వెళ్ళింది. అక్కడ బుర్ర ఉన్న అధికారి ఒకాయన ప్రశ్నపత్రాన్నీ మార్కులనూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. మార్కులు బాగున్నాయి. ప్రశ్నపత్రం ఒడియా అక్షరాల్లో ఉంది. అంటే ఏమిటి? ఈ పిల్లలు ఒడియా అక్షరాల్లో ప్రశ్నలు చదివి, డెబ్బై ఒక్క మార్కులతో గట్టెక్కారు. అలాంటప్పుడు వీళ్ళకు తెలుగెందుకు? తెలుగు టీచరెందుకు? ఎంతమంది వాడతారు? పదకొండుమంది!

బీరువాలో కాగితానికి తేదీ పడింది. భారతీదేవిని భంజనగర్ బడికి వేశారు. ఆ బడిలో తెలుగు లేదు. కుట్లూ అల్లికలూ చెప్పమన్నారు.

ఆవిడ ఆ ఆర్డరు చేత్తో పట్టుకుని మా షాపుకు వచ్చింది. నరసన్న తన కుర్చీ ఇచ్చి తను నిలబడ్డాడు.

“ఆఫీసుకెళ్ళి ఉన్న సంగతి చెప్పమ్మా,” అన్నాను నేను. సలహాలివ్వడంలో నాకు తిరుగులేదు.

“సెప్పొచ్చు బాబుగారూ. పిల్లలు ఆ పేపరు సదవలేదు, నేనే బోర్డు మీద తెలుగులో రాసినానని సెప్పీస్తే తెలుగు నిలబడతాది. నా పోస్టూ నిలబడతాది. గానీ పరీక్ష గదిలో టీచరు బోర్డు మీద రాసిందంటే కాపీయే గదా. పరీక్ష రద్దు సేసీస్తారు. పదకొండుమందీ మళ్ళీ ఏడులో కూకోవాల. అమ్మడికి పద్నాలుగు నిండుతున్నాయి. ఇంకో ఏడు కూకోబెట్టమంటే ఇంట్లో మాన్పించీరూ?”

“మరి ఏం చేస్తావు?”

“ఏటి సేస్తాను? బట్టలు సర్దుకుంటాను. భంజనగర్‌కి బస్సులు బాగుంటాయంట.”

ఆ పేపరు ఏ భాషలోనూ లేదని నేనైనా చెప్పొచ్చు. చెబుదామని ఆఫీసు మెట్లదాకా వెళ్ళాను కూడా. సంతకం తప్పని ఆఫీసు ఒప్పుకోదు. అచ్చు తప్పని నేను ఒప్పుకుంటే నా షాపు పేరు నల్లపుస్తకంలోకి ఎక్కుతుంది. మెట్ల దగ్గర కొబ్బరినీళ్ళు తాగి తిరిగి వచ్చేశాను. సిగ్గు లేదా అంటారా? ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

అయినా మన ప్రజాస్వామ్యాన్ని తక్కువ అంచనా వేయకండి! తెలుగు తరగతి ఎత్తేసేముందు తల్లిదండ్రులకు వాళ్ళ మాతృభాషలోనే నోటీసు ఇవ్వాలని నిబంధన ఉంది. అభ్యంతరాలు చెప్పుకోవడానికి ముప్పై రోజుల గడువూ ఉంది. ఆఫీసు నిబంధనను అక్షరాలా పాటించింది. నోటీసును తెలుగులోనే ఇచ్చింది. నా పని తగ్గించడానికి, వాళ్ళ కొత్త కంప్యూటర్ మీద వాళ్ళే తయారుచేసుకున్నారు. తెలుగు ఎలా ఉంటుందో వాళ్ళకు నా ప్రూఫు చూశాక తెలిసిపోయింది కదా!

జూన్ చివర్లో ఒక ముసలావిడ ఆ నోటీసు పట్టుకుని మా షాపు మెట్లెక్కింది. అమ్మడి నాయనమ్మ, చిట్టమ్మ. ఆ బడిలోనే మూడో తరగతి దాకా తెలుగు చదువుకుందట. సంచీలోంచి కాగితం తీసి నా బల్ల మీద పరిచి, అరచేత్తో మడతలు సాపు చేసింది.

“ఇది ఏ బాస బాబూ? పోస్టుమేన్ని అడిగితే తెలుగన్నాడు. పంతులుగోరిని అడిగితే ఒడియా అన్నారు. ఆరు మళ్ళీ పోస్టుమేన్నే అడగమన్నారు. ఇలగే నెల్లాళ్ళు తిరిగీసినాయి. మా అమ్మడు సూసి, నానమ్మా, ఇది మా పరీచ్చ పేపరు బాసే, ఆ అచ్చాపీసాయన్ని అడుగు అన్నాది. అందుకని ఒచ్చినాను.”

అచ్చాఫీసాయన ఎవరో మీకు తెలుసు.

ఆఫీసు నుంచి ఒడియా అసలుప్రతి తెప్పించి, తెలుగులో చెప్పాను. వచ్చే ఏడాది నుంచి మీ ఊళ్ళో తెలుగు తరగతి ఉండదు, టీచరును వేరే చోటికి పంపారు, అభ్యంతరం ఉంటే ముప్పై రోజుల్లో రాసివ్వాలి.

“మాకు అభ్యంతరం ఉన్నాది బాబూ. రాసీయండి. ఏలిముద్ర గాదు, నాను సంతకమే ఎడతాను.”

“గడువు దాటి పదకొండు రోజులైందమ్మా.”

“సదవడానికి ఒక్క ముక్క ఇయ్యకండా గడువేటి బాబూ?”

దీనికి జవాబు ఆఫీసు ఫైల్లో ఉంది. నేను కళ్ళారా చూశాను. ‘నోటీసు మాతృభాషలో అందజేయడమైనది. ఒక్క అభ్యంతరమూ రాలేదు. తల్లిదండ్రులందరికీ సమ్మతమే.’ కింద సంతకం. సీలు.

చిట్టమ్మ నోటీసు మడిచి సంచీలో పెట్టుకుంది. వెళుతూ వెళుతూ గుమ్మం పక్కనున్న కాగితాల దొంతర దగ్గర ఆగింది. మిగిలిపోయిన ప్రశ్నపత్రాలవి. చిత్తుకాగితాలవాడు వస్తాడని అక్కడ పెట్టాం. ఒకటి తీసి వెనక్కి తిప్పి చూసింది.

“ఎనకాల తెల్లగున్నాది. పట్టికెల్తాను బాబూ. టీచరమ్మ ఎల్లిపోయినాది గదా, మా అమ్మడు తెలుగు మరిసిపోకండా దీని మీద రాయిస్తాను. నాకు మూడో తరగతి దాకా ఒచ్చు.”

నరసన్న ఆ దొంతర మొత్తానికి పురికొస కట్టి, బస్టాండు దాకా మోసుకెళ్ళి ఎక్కించి వచ్చాడు.

అందుచేత పాఠకులారా, ప్రాసెసర్లవాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళు సపోర్ట్ ఆపేస్తే ఆపేశామని తెరమీద డబ్బా కట్టి మరీ చెబుతారు. ఎవరో ఒకరు చదవగలిగే భాషలో చెబుతారు. మనుషులకు సపోర్ట్ ఆపేసేవాళ్ళ దగ్గర ఆ పాటి మర్యాద కూడా నేను చూడలేదు. అందుకే సన్మానం ప్రాసెసర్లవాళ్ళకే చేద్దామంటున్నాను. శాలువా రెడీగా ఉంది.

సన్మానపత్రం మా షాపులోనే, కొత్త కంప్యూటర్ మీదే అచ్చు వేస్తాం. గుండ్రంగా ఉంటుంది. మీలో ఎవరికైనా అభ్యంతరం ఉంటే ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా పంపండి. చేతిరాత చెల్లదు. ఒక్కటీ రాకపోతే, ఇక్కడ జరిగినదంతా మీకందరికీ సమ్మతమేనని ఫైల్లో రాసుకుంటాను.